బాపు సూదిమందు, బండిలో ఫ్రిజ్: మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒక పగలు

మా బాపు ముప్పై ఏళ్లు నాగ్‌పూర్ లైన్‌లో లారీ నడిపాడు. అలాంటి మనిషి పోయిన ఎండాకాలం నుంచి మచ్చ బొల్లారంలో మా గల్లీ దాటి ఒక్క పూట కూడా బయట ఉండలేదు. ఆయన్ని కట్టేసింది ఒక చిన్న అట్టపెట్టె, అందులో ఉండే ఇన్సులిన్ సీసాలు. వాటిని చల్లగా ఉంచాలి. రెండు డిగ్రీలకు తగ్గొద్దు, ఎనిమిది దాటొద్దు అని మందుల షాపతను చెప్పాడు. ఇంట్లో ఫ్రిజ్ ఉంది కాబట్టి ఇంట్లో బాధ లేదు. ఇల్లు దాటితేనే అసలు గోల.

పోయిన వేసవిలో నిర్మల్‌లో పోశన్న కాక కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఒకప్పుడు బాపుతో అదే లారీలో రెండో డ్రైవర్ ఆయన. బాపు సంబరంగా స్టీలు ఫ్లాస్కులో ఐసుగడ్డలు నింపి, వాటి మధ్యలో మందు సీసా పెట్టుకుని బస్సెక్కాడు. ఐసుకు తగిలి మందు గడ్డకట్టింది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, దాని పని మీద మాత్రం నమ్మకం పెట్టుకోకూడదు. అది తెలియక బాపు అదే పొడుచుకున్నాడు. గృహప్రవేశం భోజనం తిన్నాడు, చక్కెర పెరిగింది, తెల్లారేసరికి కళ్లు తిరిగి పడ్డాడు. పోశన్న కాకే కారు మాట్లాడి తెచ్చి ఇంట్లో దింపాడు. "ఇగ నాకు ఊర్లు వద్దు బిడ్డా" అన్నాడు బాపు. అన్నమాట మీదే నిలబడ్డాడు.

నాకు మండిపోయింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. ఐసు మీద, ఫ్లాస్కు మీద, సీసా చేతికిచ్చి ప్రయాణంలో ఎలా పట్టుకుపోవాలో ఒక్క ముక్క చెప్పని ప్రతివాళ్ల మీద. నేను మేడ్చల్‌లో ఒక షెడ్డులో ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులకు వైర్లు బిగించే పని చేస్తాను. ఐటీఐ చదవలేదు, డిప్లొమా లేదు. పక్కవాళ్ల చేతులు చూసి, మధ్యమధ్యలో షాకులు తిని నేర్చుకున్నాను. ఆ నేర్చిన పనితోనే బాపును గల్లీ దాటించాలని పట్టుబట్టాను. వాటర్ క్యాన్లు వేసే ఒకతను అమ్మిన పాత వ్యాన్ కొని, ఆదివారాలన్నీ దాని మీదే పెట్టాను. వెనక పడుకోవడానికి చెక్క బల్ల, పైన చిన్న ఫ్యాన్, ఎడమ సీటు కింద బండి బ్యాటరీ కాకుండా ఇంకోటి, లిథియం బ్యాటరీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ బ్యాటరీ చార్జ్ అవుతుంది, బండి ఆగాక ఫ్రిజ్‌ను అదే నడపాలి.

మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే నా మొదటి తప్పు చేయకండి. మొదట నేను ఫోన్‌లో ఒక వీడియో చూసి, తక్కువ ధరకు వస్తుందని ఒక కూలర్ డబ్బా కొన్నాను. కంప్రెసర్ ఉండదు, చిన్న ఫ్యాను తిరుగుతుంది, అంతే. బయటి వేడి కంటే ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించడమే దాని శక్తి. మన మే నెల ఎండలో బయట నలభై మూడు ఉంటే లోపల పాతిక. అందులో మజ్జిగ పెట్టుకోవచ్చేమో గానీ మందు పెట్టలేం. వీడియోలో సముద్రం ఒడ్డున కాఫీ తాగుతూ చూపించిన పెద్దమనిషి ఈ మాట చెప్పలేదు. తర్వాత రెండు నెలల ఓవర్‌టైం పోగేసి పన్నెండు వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ కొన్నాను. ఇరవై రెండు వేలు. పైనుంచి మూత తెరిచే పెట్టె లాంటిది. ఇంట్లో ఫ్రిజ్ లాగే గ్యాస్‌తో చల్లబరుస్తుంది, ఎన్ని డిగ్రీలకు పెడితే అక్కడ ఆగుతుంది. నాలుగుకు పెట్టాను. మందును గోడకు తగలకుండా మధ్య బుట్టలో, గుడ్డలో చుట్టి ఉంచాను. దాని పక్కన విడిగా ఒక చిన్న థర్మామీటర్ పెట్టి, వైరు బయటకు తీసి దాని డబ్బాను ఫ్రిజ్ మూత మీద అతికించాను. ఇప్పుడు ఎంత ఉందో, పొద్దున్నుంచి ఎక్కువలో ఎక్కువ ఎంత పోయిందో రెండూ చూపిస్తుంది. ఇంటి ముందు నిలబెట్టిన బండిలో రెండు రోజులు నడిపాను. పిసరంత కూడా అటూఇటూ కాలేదు.

బాపు అన్నీ వేలితో తట్టి తట్టి చూశాడు. ఒక్కటే అడిగాడు.

"కటాఫ్ ఏది?"

కటాఫ్ అంటే బ్యాటరీకీ మిగతా వైరింగుకూ మధ్య ఉండే పెద్ద ఎర్ర పిడి. తిప్పితే మొత్తం కరెంటు బంద్. లారీలకు ఉంటుంది. నేను పెట్టలేదు, అవసరం లేదనుకున్నాను.

"కటాఫ్ లేని బండి గూడ ఒక బండేనా? నేనైతే ఎక్క" అన్నాడు. వాదించే ఓపిక లేక అదీ బిగించాను. బ్యాటరీ ఎడమ సీటు కింద ఉంది కాబట్టి పిడి కూడా అక్కడే, తలుపు పక్కన వచ్చింది.

దాంతో పాటు ఇంకో షరతు పెట్టాడు. ముందు దగ్గర్లో ఒక పగలంతా తిరిగి చూడాలి. నిజం మందు పెట్టుకునే పోవాలి. "నీళ్ల సీస వెట్టి తిరిగితె గదేం పరీక్ష? ఎనిమిది దాటిందా, నిర్మల్ మాటనే ఎత్తొద్దు నువ్వు." సరే అన్నాను. ఎనిమిది దాటకపోతే వచ్చే వారమే నిర్మల్. దాటితే ఆయన ఇక ఎక్కడికీ రాడు. నాకు తెలుసు, ఆయన మొండితనమే నాకూ వచ్చింది.

పొద్దున సూది ఇంట్లోనే వేసుకుని (రెండోది సాయంత్రం తిండికి ముందు), రెండు ఇడ్లీలు తిని ఏడున్నరకు బయల్దేరాం. అంతకుముందే ఒక కొత్త సీసా ఫ్రిజ్‌లో పెట్టాను, తోడుగా రెండు చల్లని నీళ్ల సీసాలు. మచ్చ బొల్లారం నుంచి కొంపల్లి దాకా అరగంట పట్టింది. నాగ్‌పూర్ హైవే ఎక్కాక రోడ్డు పనుల దగ్గర పావుగంట నిలబడ్డాం. తొమ్మిది దాటాక పోతే గంట పడుతుంది, కాబట్టి మీరు ఏడు లోపే బయటపడండి. బాపు తన పాత రోడ్డును కిటికీలోంచి చూస్తూ, మధ్యమధ్యలో నా డ్రైవింగ్‌ను చూస్తూ కూర్చున్నాడు.

"గేరా గది? పప్పుల గంటె తిప్పినట్టు తిప్పుతున్నవ్."

"నువ్వు నడుపుతవా మరి?"

"నడుపుత గని, నీ బండికి ఇజ్జత్ వోతది."

మేడ్చల్‌లో యాదమ్మక్క చాయ్ హోటల్ దగ్గర ఆగాం. మా షెడ్డు వాళ్లంతా అక్కడే తాగుతాం. చాయ్ పదిహేను, వేడి వేడి మిర్చి బజ్జీలు ప్లేటు ముప్పై. బాపుకు చక్కెర లేని చాయ్. యాదమ్మక్క వ్యాన్ వెనక తలుపులోంచి తొంగి చూసింది.

"ఏందే సరితా, బండ్ల ఫ్రిజ్ వెట్టినవ్? ఐస్‌క్రీం అమ్ముతున్నవా ఏంది?"

"మా బాపు మందు అక్కా."

"మందా! పొద్దుగాల్నే?" అని బాపు వైపు తిరిగింది. "ఏం పెద్దాయన, బిడ్డతోనే మోయిస్తున్నవా?"

"ఆ మందు కాదమ్మా" అన్నాడు బాపు. నవ్వు ఆపుకోలేక ఆయనకే చాయ్ పొలమారింది. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది.

ముప్పావుగంట కూర్చున్నాం. బయల్దేరే ముందు నీళ్ల సీసా తీద్దామని వెనక తలుపు తీశాను. ఫ్రిజ్ మీద ఆకుపచ్చ అంకెలు లేవు. లైటు లేదు, చప్పుడు లేదు. మూత తీయలేదు, తీస్తే ఉన్న చల్లదనం కూడా పోతుంది. థర్మామీటర్‌కు దాని సొంత సెల్ ఉంది కాబట్టి అది మాత్రం చూపిస్తోంది. నాలుగు పాయింట్ తొమ్మిది. బాపుకు చెప్పకుండా వచ్చి సీట్లో కూర్చున్నాను. ఆయన అప్పటికే ఎక్కేశాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాను. వెనక నుంచి గుర్రుమని చప్పుడు. ఫ్రిజ్ నడుస్తోంది!

అయితే బ్యాటరీయే చచ్చిందన్నమాట. ఇంజిన్ ఉంటే నడుస్తుంది, ఇంజిన్ ఆగితే ఆగుతుంది. కండ్లకోయ దాకా వెనక్కి వచ్చేలోపు ఆ బ్యాటరీ అమ్మినవాడిని, వాడి షాపును, వాడి వారంటీ కార్డును మనసులో కడిగి పారేశాను. పైకి కూడా కొంచెం వచ్చినట్టుంది.

"ఎవర్ని తిడ్తున్నవ్?" అన్నాడు బాపు.

"రోడ్డును."

కండ్లకోయ దగ్గర రింగు రోడ్డు పైకి ఎక్కకుండా పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకున్నాం. పైన పోతే టోల్ కట్టాలి, పావుగంటలో శామీర్‌పేట వస్తుంది. కింద పోతే అరగంట దాటుతుంది, కానీ ఎక్కడంటే అక్కడ ఆగొచ్చు. ఆగడమే పని అయిన బండికి సర్వీసు రోడ్డే నయం. రెండు వైపులా ప్లాట్ల రాళ్లు, వెంచర్ల కమాన్లు, వాటి మధ్య ఇంకా అమ్ముడుపోని చేన్లు. ఒకచోట ఇనుప తీగల మీద పాకిన పచ్చని ద్రాక్ష పందిరి కనబడగానే బాపు నా భుజం తట్టాడు.

"ఆపు, ఆపు. ఒకప్పుడు గీడ మొత్తం గివే ఉండె."

చెట్టు నీడ చూసి బండి ఆపాను. తోట కంచె దగ్గర నిలబడి, ఈ తోటల నుంచే ద్రాక్ష పెట్టెలు ఎత్తి నాగ్‌పూర్ మండీకి తోలేవాళ్లమని చెప్పాడు. ఎండ తగలకుండా తడి గోనె సంచులు కప్పి, పొద్దుగూకినాక కదిలి, తెల్లారేలోపు ఘాట్ దాటేయాలట. ఒకసారి నిర్మల్ ఘాట్ కింద చాయ్‌కి దిగి వచ్చేసరికి బ్యాటరీ మొత్తం దిగిపోయిందట. లైటేదో మరిచిపోయారు. సాయంగా ఇంకో లారీ దొరికేసరికి మర్నాడు మధ్యాహ్నం. లోడు మొత్తం ఉడికింది.

"వాసన జూస్తే ద్రాక్ష సారా కొట్టు లెక్క. సేటు జీతంల కోసిండు. పోశన్న ఏడ్సిండు గూడ" అన్నాడు నవ్వుతూ. అప్పుడు నవ్వి ఉండడు.

ఆ కథకూ నా ఫ్రిజ్‌కూ సంబంధం ఉందని నాకప్పుడు తట్టలేదు. నా ధ్యాసంతా బ్యాటరీ మీదే ఉంది. బాపు కంచె దగ్గర ఉండగానే వెనక తలుపు తీశాను. మళ్లీ చీకటి. ఐదు పాయింట్ ఎనిమిది. ఇక ఆగలేకపోయాను.

"ఈ బ్యాటరీ అమ్మినోని ఇల్లు పాడుగాను!"

బాపు గబగబా వచ్చి, "ఏమైంది, ఏమైంది" అంటూ ముందు తలుపు తీసి సీటెక్కాడు. ఎక్కాడో లేదో ఫ్రిజ్ మీద అంకెలు వెలిగాయి. కంప్రెసర్ గుర్రుమంది. ఇంజిన్ తాళం నా జేబులోనే ఉంది!

నా తిట్లన్నీ వృథా అయ్యాయి. ఇంజిన్ లేకుండా నడిచిందంటే బ్యాటరీ బాగానే ఉంది. మరి? బాపు ఎక్కితే బండి ఊగింది, ఊగితే వచ్చింది. అంటే ఎక్కడో వైరు వదులుగా ఉంది. ఆ వైర్లు బిగించింది నేను. షెడ్డులో నా పనిలో లూజు కనెక్షన్ ఉందని ఎవడైనా అంటే వాడితో కొట్లాడే మనిషిని. చెట్టు కింద కూర్చుని ఫ్రిజ్ వెనక ప్రతి స్క్రూ విప్పి మళ్లీ బిగించాను. ప్రతి వైరూ పట్టుకుని లాగాను. ఒక్కటీ కదల్లేదు. చెమట కళ్లలో పడుతోంది. ఫ్యాన్ వేసి చూసి ఉంటే కరెంటు మొత్తానికే పోతోందని అప్పుడే తెలిసేది. కోపంలో ఉన్న మనిషికి ఫ్యాన్ గుర్తుకు రాదు.

"ఫ్రిజ్ ఆగుతున్నదా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు బాపు.

ఇంక దాచలేకపోయాను. "ఆగుతున్నది."

"ఎంత ఉన్నది?"

"ఆరు లోపలే."

కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన అప్పటికే మనసులో ఇంటికి పోయాడు.

శామీర్‌పేట చేరేసరికి పన్నెండున్నర. నడుస్తున్నంతసేపు ఫ్రిజ్ నడిచింది, నాలుగున్నరకు దిగింది. బాపు భోజనం వేళ తప్పకూడదు కాబట్టి ఊళ్లోనే ఒక మెస్‌లో కూర్చున్నాం. భోజనం నూట ఇరవై, నాటుకోడి కూర వేరే. బండి పెట్టడానికి నీడ ఎక్కడా దొరకలేదు, ఎండలోనే వదిలాం. భోజనానికి జనం ఎక్కువ ఉండి గంటంబావు పట్టింది. బాపు అన్నం సగంలో రెండుసార్లు బండి వైపు చూశాడు. నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు.

తిరిగి వచ్చేసరికి బండి లోపల పొయ్యిలా ఉంది. ఫ్రిజ్ చీకటిగా ఉంది. థర్మామీటర్ ఏడు పాయింట్ ఆరు చూపిస్తోంది. బాపు నా భుజం మీదుగా ఆ అంకె చూశాడు.

"పోదాం పా ఇంటికి" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఇంకా ఎనిమిది కాలే."

"అయితది."

కరీంనగర్ రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే ఖాజా భాయ్ ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉందని మెస్ వాళ్లు చెప్పారు. బాపును ఎక్కించుకుని బండిని అక్కడికి తీసుకుపోయాను. స్టార్ట్ చేయగానే ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంది. ఆ చప్పుడు ఇప్పుడు నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంది. ఖాజా భాయ్ యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో టెస్టర్, చెవి మీద బీడీ. నేను చెప్పిందంతా విని సీటు కింద మీటరు పెట్టాడు.

"బ్యాటరీ ఏక్‌దమ్ మంచిగుంది బేటీ. ఫిట్టింగ్ ఎవరు జేసిండ్రు?"

"నేనే."

"మంచిగ జేసినవ్. గిట్ల జేస్తే నాకు గిరాకీ ఎట్ల?" అన్నాడు. "మరి ఎందుకు ఆగుతది? సమజ్ అయితలేదు. నడ్వంగ ఎవరన్న ఏదన్న ముడ్తున్నరా?"

నేను బాపు వైపు చూశాను. ఒక పాడు అనుమానం వచ్చింది. ఆయనకు నిర్మల్ పోవడం ఇష్టం లేదేమో. భయపడి, బయటికి చెప్పలేక...

"బాపూ, నువ్వేమన్న ముట్టినవా?"

ఆయనకు రోషం వచ్చింది. "నేనెందుకు ముడ్త? నా మందు నేనే ఖరాబ్ జేసుకుంటనా? నీ బండ్ల నేను బుడ్డ పోరని లెక్క చేతులు గట్టుకోని కూసున్న. ఒక్కటి ముట్టలే, ఒక్కటి!" అంటూనే సీట్లోంచి దిగుతున్నాడు. ఎడమ చేత్తో తలుపు పట్టుకున్నాడు. ఎడమ కాలు నేల మీద పెట్టాడు. కుడి చెయ్యి దానంతటదే సీటు కిందికి పోయి, ఎర్ర పిడిని టక్కున తిప్పింది.

ఫ్రిజ్ ఆగిపోయింది.

ఖాజా భాయ్ చెవి మీది బీడీ కింద పడింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఉస్తాద్! ఏం లైను నడిపిండ్రు మీరు?"

"నాగ్‌పూర్" అన్నాడు బాపు. ఆయనకు ఇంకా అర్థం కాలేదు. "ఎందుకు నవ్వుతున్నవ్?"

"జర మీ హాత్ జూస్కోండ్రి."

బాపు తన చేతిని చూసుకున్నాడు. అది ఇంకా పిడి మీదే ఉంది. వేరేవాళ్ల చెయ్యి తన మీద పడ్డట్టు విదిలించి తీసేశాడు. అప్పుడు నాకు అన్నీ ఒక్కసారి వెలిగాయి. దిగితే బంద్, ఎక్కితే ఆన్. యాదమ్మక్క హోటల్ దగ్గర, ద్రాక్ష పందిరి దగ్గర, మెస్ ముందు. కిందికి దిగిన ప్రతిసారీ ఆ చెయ్యి బంద్ చేసింది. ఎక్కిన ప్రతిసారీ నాకంటే ముందే ఆన్ చేసింది. ఘాట్ కింద ఒక లోడు ద్రాక్ష ఉడికిపోయిన నాటి నుంచి బ్యాటరీని కాపాడుతున్న చెయ్యి అది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు, చివరికి ఆయన కూడా.

"నా బుర్ర పాడుగాను" అన్నాడు బాపు. మొహం చిన్నబోయింది. "పొద్దుగాల నుంచి నిన్ను పరేషాన్ జేసిన."

నాకు కోపం రావాలి. రాలేదు. ఫుట్‌పాత్ మీద కూలబడి నవ్వాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. బ్యాటరీ మంచిదే. నా కనెక్షన్లు మంచివే. ఆయనకు నిర్మల్ పోవాలనే ఉంది. పొద్దున్నుంచి గుండె మీద పెట్టుకున్న బండరాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది.

"పిడి తీసేస్త బాపూ" అన్నాను.

"వద్దు. ఉండని. నేనే ముట్ట ఇగ."

"ముడ్తరు ఉస్తాద్" అన్నాడు ఖాజా భాయ్. "నేను నిద్రల గూడ టెస్టర్ కోసం జేబుల చెయ్యి పెడ్త. మా ఆమెను అడుగుండ్రి."

నిజమే. ఆ చెయ్యి మారదు, మారాల్సిన అవసరం కూడా లేదు. వైరు మారితే చాలు. ఫ్రిజ్‌కు పోయే వైరును పిడి అవతలి నుంచి విప్పి, పిడి కంటే ముందు, నేరుగా బ్యాటరీ మీదికి తెచ్చాను. బ్యాటరీకి ఆనుకుని దానికి విడిగా ఒక ఫ్యూజు వేశాను. ఇప్పుడు పిడి తిప్పితే లైటు, ఫ్యాను పోతాయి. ఫ్రిజ్ మాత్రం పోదు. ఫ్యూజుకూ వైరుకూ కలిపి ఖాజా భాయ్ నూట యాభై తీసుకున్నాడు. చేతి కూలీ ఎంత అని నేను అడిగితే, "పని నువ్వు జేసినవ్, నవ్వు నేను నవ్విన. లెక్క సాఫ్" అన్నాడు.

నాలుగు గంటలకు చెరువు కట్ట దగ్గరికి పోయాం. ఆదివారాలైతే అక్కడ బండి పెట్టే చోటు కూడా ఉండదు. మేం పోయింది పనిదినం కాబట్టి కంకులు కాల్చే ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ లేరు. మీరూ సెలవు రోజు కాకుండా చూసుకోండి. ఇంజిన్ ఆపేశాం. బాపు దిగాడు. చెయ్యి దానంతటదే పిడి తిప్పేసింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని చెవులు పెట్టి విన్నాం. వెనక ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది.

రెండు గంటలు అక్కడే ఉన్నాం. నీళ్ల మీది నుంచి గాలి మొదలైంది. నేను ఐదు నిమిషాలకొకసారి లేచి అంకె చూసి వచ్చాను. ఐదున్నర, ఐదు, నాలుగున్నర, నాలుగు. తర్వాత ఇక చూడ్డం మానేసి కంకి తిన్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె, పప్పు తినే ముందు బాపు ఫ్రిజ్ మూత తీసి సీసా చేతిలోకి తీసుకున్నాడు. చెంపకు ఆనించి చూసుకున్నాడు.

"సల్లగుంది" అన్నాడు.

వ్యాన్ వెనక తలుపు దగ్గర చెక్క బల్ల మీద కూర్చుని, చొక్కా పైకెత్తి సూది వేసుకున్నాడు. ఆ నిర్మల్ సంగతి తర్వాత ఆయన ఇంటి గోడల బయట సూది వేసుకోవడం అదే మొదటిసారి. తర్వాత రొట్టె తుంచుతూ, నన్ను చూడకుండానే అడిగాడు.

"పోశన్న కొత్తిల్లు నేనైతే సక్కగ సూడనే లే. ఏ వారం అన్నవ్ నువ్వు?"

చీకటి పడేలోపు తూంకుంట, హకీంపేట మీదుగా ఇంటికి వచ్చేశాం. ఆ టైములో ఆ రోడ్డు మీద సిటీ నుంచి వచ్చే బండ్లే ఎక్కువ, సిటీ వైపు పోయేవాళ్లకు దారి ఖాళీగా ఉంటుంది. మొత్తం తిరిగింది అరవై కిలోమీటర్లకు అటూఇటూ. డీజిల్ ఆరు వందల లోపే. థర్మామీటర్‌లో ఎక్కువలో ఎక్కువ అంకె ఏడు పాయింట్ ఆరు దగ్గరే ఆగింది. బాపు ఇంటి ముందు దిగి పిడి తిప్పి, పోశన్న కాకకు ఫోన్ చేసుకుంటూ లోపలికి పోయాడు. "అరె, నా బిడ్డ బండ్ల ఫ్రిజ్ వెట్టిందిరా, మన సేటుకు గూడ లేకుండె" అనడం బయటికి వినిపించింది. వచ్చే ఆదివారం పోతున్నాం.

నాకు ఊరికే కోపం వస్తుందని అందరూ అంటారు, నిజమే. ఆ రోజు పొద్దున్నుంచి బ్యాటరీ షాపు వాడిని, వీడియో పెద్దమనిషిని, నా వేళ్లను, చివరికి మా బాపు మనసును కూడా అనుమానించాను. ఎవరి తప్పూ లేదు. ముప్పై ఏళ్లు ఇంటిని నడిపిన అలవాటు ఒకటి, నేను బిగించిన పిడి ఒకటి, రెండూ ఒకే సీటు కింద కలుసుకున్నాయి. మనిషిని మార్చడం కంటే వైరు మార్చడం సులువు. ఆ తేలిక ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. ఇంటి ముందు బండి ఆగి ఉన్నా, లోపల సన్నగా గుర్రుమని వినబడితే నిద్ర బాగా పడుతోంది.

మీకు చెప్పేది ఒక్కటే. బండిలో ఫ్రిజ్ పెట్టి అందులో మందు పెట్టేట్టయితే, ఫ్రిజ్ వైరును ఏ స్విచ్చు గుండా పోనీయకుండా నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోండి, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు వేయండి. ఇంటి ముందు రెండు రోజులు నడిచింది కదా అని నమ్మకండి. ఆ బండిలో ఎవరైతే ప్రయాణం చేస్తారో, వాళ్లను ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి అప్పుడు చూడండి.